అప్‌డేట్ తర్వాత లైనక్స్ లేవకపోతే: రీస్టార్ట్‌కు ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

అప్‌డేట్ సజావుగా పూర్తయింది. రీస్టార్ట్ చేయమని అడిగింది, చేశారు. ఇక తెర నల్లగా ఉండిపోయింది. ఓ మూల చిన్న గీత మాత్రం మిణుకుమిణుకుమంటోంది. ఈ స్థితిలో చాలామంది చేసే పని, ఒకప్పుడు నేనూ చేసిన పని, పెన్‌డ్రైవ్ తెచ్చి లైనక్స్‌ను మొదటి నుంచి ఎక్కించుకోవడం. ఆ రోజు కంగారులో రెండేళ్ల ఫొటోలు, రాతలు నా చేతులతోనే చెరిపేసుకున్నాను. ఏడాది తర్వాత అదే లోపం మళ్లీ వస్తే, ఈసారి రీస్టార్ట్‌కు ముందే కాస్త నిదానించి చూశాను. /బూట్ అనే చిన్న పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) నిండిపోయింది, అంతే. మొదటిసారి కూడా పాత కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లేపి, రెండు ప్యాకేజీలు తీసేస్తే తీరిపోయే పని.

కాబట్టి మొదటి హెచ్చరిక: ఇన్‌స్టాలర్ జోలికి వెళ్లకండి. ఇలాంటప్పుడు మీ ఫైళ్లు సాధారణంగా డిస్కు మీద క్షేమంగానే ఉంటాయి. వాటి దగ్గరికి వెళ్లే మెట్లలో ఒకటి విరిగింది. ఏది విరిగిందో కనిపెడితే సగం పని అయినట్టే.

ఇంకో మాట. ఆదేశాలను, ఫైళ్ల పేర్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, స్లాష్‌లు నేను రాసిన చోటే ఉండాలి.

ముందుగా ఆ మెట్లు

పవర్ బటన్ నొక్కగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ (పాత యంత్రాల్లో బయోస్) లేస్తుంది. అది ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌లో ఉన్న బూట్‌లోడర్‌ను పిలుస్తుంది. సంతకం ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మధ్యలో షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ కాపలాదారులా నిలబడి సంతకాలు తనిఖీ చేస్తుంది. బూట్‌లోడర్ అంటే ఎక్కువమందికి గ్రబ్. గ్రబ్ కెర్నెల్‌ను, దానితోపాటు ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అనే మూటను మెమరీలోకి తెస్తుంది. ఆ మూట తాళంచెవుల గుత్తి లాంటిది. అసలు డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లన్నీ అందులోనే ఉంటాయి. డిస్కు తెరుచుకున్నాక సిస్టమ్‌డీ పగ్గాలు అందుకుని మిగతా సర్వీసులను లేపి, చివర్లో లాగిన్ తెర చూపిస్తుంది.

ఒకసారి లేచిన కంప్యూటర్ తిరిగి ఈ మెట్లు ఎక్కాల్సిన పని లేదు. అందుకే అప్‌డేట్ వీటిలో దేన్ని చెడగొట్టినా ఆ రోజు మీకేమీ తెలియదు. మూడు వారాలు రీస్టార్ట్ చేయకుండా వాడి, ఒకనాడు ఆపి వెలిగిస్తే మొండికేస్తుంది. అప్పటికి అయిదారు అప్‌డేట్లు అయిపోయి ఉంటాయి. ఏది దోషో తేల్చుకోవడం తలనొప్పి. కెర్నెల్, గ్రబ్, షిమ్, గ్రాఫిక్స్ డ్రైవర్, వీటిలో ఏది మారినా అదే రోజు, మీకు గంటసేపు తీరిక ఉన్నప్పుడు రీస్టార్ట్ చేసి చూసుకోండి.

అప్‌డేట్ బటన్ నొక్కే ముందు

లైవ్ పెన్‌డ్రైవ్ (డిస్కులో ఎక్కించకుండానే లైనక్స్ నడిపేది) ఒకటి ఇప్పుడే తయారు చేసి పెట్టుకోండి. ఉన్న ఒక్క కంప్యూటరూ మూలపడ్డాక దాన్ని తయారు చేయడం ఎంత కష్టమో అనుభవించిన వాళ్లకే తెలుస్తుంది. ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డిస్కులో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన ఫైలే మిగులుతుంది.

తర్వాత టెర్మినల్ తెరిచి రెండు ఆదేశాలు ఇవ్వండి.

యూనేమ్ -ఆర్
డీఎఫ్ -హెచ్ /బూట్

మొదటిది ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ పేరు చెబుతుంది, ఉదాహరణకు 6.8.0-45-జెనరిక్ అని. దాన్ని కాగితం మీద రాసుకోండి. ఇది పనిచేస్తుందని రుజువైన కెర్నెల్, రేపు మీకు ఆసరా అయ్యేది ఇదే. రెండోది /బూట్‌లో ఎంత చోటు మిగిలిందో చూపిస్తుంది. కనీసం 300 ఎంబీ ఖాళీగా లేకపోతే నేను కెర్నెల్ అప్‌డేట్ మొదలుపెట్టను. ఇది నా సొంత లెక్క. ఎన్విడియా డ్రైవర్లున్న యంత్రాల్లో ఒక్కో ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ 100 ఎంబీ దాటడం మామూలే. పైగా కొత్తది పూర్తిగా తయారయ్యే దాకా పాతదీ ఉండాలి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ఇన్‌స్టాల్ చేసుకున్నవారికి /బూట్ విడిగా, చిన్నదిగా ఉంటుంది కాబట్టి ఈ బెడద వారికే ఎక్కువ.

లైనక్స్ రకాల్లో (డిస్ట్రిబ్యూషన్లలో) ఆర్చ్ కుటుంబం వాడేవారికి ఇంకో తనిఖీ ఉంది. ఫైండ్ఎంఎన్‌టీ /బూట్ అని అడగండి. /బూట్ విడి పార్టిషన్ అయి ఉండి, జవాబు ఖాళీగా వస్తే ఆ పార్టిషన్ అసలు మౌంట్ కాలేదన్నమాట, అంటే ఆ ఫోల్డర్‌కు తగిలించలేదు. ఆ స్థితిలో అప్‌డేట్ చేస్తే కొత్త కెర్నెల్ ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, దాని మాడ్యూళ్లు (డ్రైవర్ల లాంటి విడి భాగాలు) మాత్రం సరైన చోటికి వెళ్తాయి, పాత మాడ్యూళ్లు చెరిగిపోతాయి. రీస్టార్ట్ చేశాక పాత కెర్నెల్ లేస్తుంది, దానికి మాడ్యూళ్లు ఉండవు. వైఫై ఉండదు. /బూట్ ఎఫ్ఏటీ (ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి) పార్టిషన్ అయితే దాన్ని మౌంట్ చేసే మాడ్యూలూ దొరకదు కాబట్టి /బూట్‌ను అక్కడి నుంచి సరిదిద్దుకునే దారి కూడా మూసుకుపోతుంది. ఆర్చ్‌లో లైనక్స్-ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సవరణలు అందే కెర్నెల్) ప్యాకేజీని రెండో కెర్నెల్‌గా ఉంచుకోవడం ఎందుకైనా మంచిది. ఫెడోరా, ఉబుంటు పాత కెర్నెళ్లను వాటంతటవే ఉంచుతాయి. ఫెడోరాలో ఆ పరిమితి మామూలుగా 3.

మీ డిస్ట్రిబ్యూషన్ ప్రకటనల పేజీ మీద ఒక చూపు వేయడానికి రెండు నిమిషాలు చాలు. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 విడుదలకు సిద్ధమవుతుండగా, అందులోని 6.1.64 కెర్నెల్ ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైళ్లు అమర్చిన డిస్కుల్లో సమాచారాన్ని చెడగొట్టే ప్రమాదం ఉందని తేలింది. విడుదల ఆపేశారు, మర్నాడే సరిచేసిన కెర్నెల్‌తో 12.4 ఇచ్చారు. ఆ వారాంతంలో ప్రకటన చదివి ఒక్క రోజు ఆగినవారు గట్టెక్కారు.

టైమ్‌షిఫ్ట్, స్నాపర్ లాంటివి వాడి స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి నకలు) తీసుకుంటే ఇంకా మంచిది. ఒక మెలిక మాత్రం ఉంది. బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ స్నాప్‌షాట్‌లో విడిగా ఉన్న /బూట్ పార్టిషన్ చేరదు. వెనక్కి వెళ్లాక /బూట్‌లో కొత్త కెర్నెల్, లోపల పాత మాడ్యూళ్లు మిగిలి ఒకదానికొకటి పొసగవు. అలాంటప్పుడు గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌నే ఎంచుకోవాలి.

ఆ చివరి ముప్పై పంక్తులు

అప్‌డేట్ జరుగుతున్నంతసేపూ వచ్చే పంక్తుల వరదను ఎవరూ చదవరు. నేనూ చదవను. చివరి ముప్పై పంక్తులు మాత్రం చదువుతాను. నా ఫొటోలు పోయిన సంగతి చెప్పాను కదా, ఏడాది తర్వాత తెర మీద కనిపించింది ఇది: అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ కొత్త కెర్నెల్ పేరు చెప్పి మూట కడుతున్నానని ఒక పంక్తి, దాని కిందే డిస్కులో చోటు లేదని, మూటను కుదించే జెడ్‌ఎస్‌టీడీ గోల, ఆ తర్వాత ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ఎర్రర్ కోడ్ 1 అంటూ ముగింపు. మధ్యలో ఎక్కడా ఎర్ర అక్షరాల్లేవు. కిటికీ మూసేసి రీస్టార్ట్ నొక్కడం ఎంత తేలికో చూడండి.

నొక్కి ఉంటే ఏమయ్యేదంటే: మూట కట్టడం మధ్యలో ఆగిపోయింది కాబట్టి కొత్త కెర్నెల్‌కు ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అంటూ లేదు. తర్వాత ఏ సందర్భంలోనైనా గ్రబ్ మెనూ కొత్తగా తయారైతే, తాళంచెవులు లేని ఆ కెర్నెలే మొదటి వరుసలో కూర్చుంటుంది.

అలాంటి గోల కనిపిస్తే రీస్టార్ట్ చేయకండి. నడుస్తున్న కంప్యూటరే మీకున్న గొప్ప పనిముట్టు. ఉబుంటు, డెబియన్, మింట్ వాడేవారు సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్ ఇచ్చి పాత కెర్నెళ్లను తీయించండి. అప్‌డేట్ సగంలో ఆగింది కాబట్టి కొన్నిసార్లు ఆప్ట్ ఏ పనీ చేయనంటుంది. అప్పుడు /బూట్‌లో అన్నిటికంటే పాత కెర్నెల్ తాలూకు ఇనిట్ఆర్‌డీ.ఐఎంజీ ఫైలును (అదే ఆ కెర్నెల్ మూట) మీ హోమ్ ఫోల్డర్‌లోకి తరలించి చోటు చేయండి. యూనేమ్ చెప్పిన కెర్నెల్ ఫైలును మాత్రం ముట్టకూడదు. ఆపైన:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్

ఇవి సాఫీగా ముగిశాక, ఫైలు తరలించిన ఆ పాత కెర్నెల్ ప్యాకేజీని ఆప్ట్ ద్వారానే తీసేయండి. /బూట్‌లోని ఫైళ్లను నేరుగా చెరిపేసి ఊరుకుంటే ప్యాకేజీ మేనేజరుకు ఆ సంగతి తెలియదు. వచ్చే అప్‌డేట్‌లో మళ్లీ అదే మూట కట్టబోయి మళ్లీ బోర్లాపడుతుంది.

ఎన్విడియా, వర్చువల్‌బాక్స్ లాంటి బయటి మాడ్యూళ్లు ఉంటే డీకేఎంఎస్ స్టేటస్ అని అడగండి. కొత్త కెర్నెల్ సంఖ్య ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉండాలి. పాత కెర్నెల్ ఎదురుగా మాత్రమే ఉంటే కొత్తదానికి డ్రైవర్ తయారు కాలేదు, రీస్టార్ట్ చేస్తే నల్ల తెర వచ్చే అవకాశం నిండుగా ఉంది. ఎక్కువసార్లు ఆ కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీ (డ్రైవర్ తయారీకి కావలసిన ఫైళ్లు) లేకపోవడమే కారణం.

గ్రబ్ అప్‌డేట్ ఏ డిస్కులో రాయమంటారని అడిగితే డిస్కునే ఎంచుకోండి, దానిలోని పార్టిషన్‌ను కాదు. అంటే డిస్కు పేరు ఎస్‌డీఏ, దానిలోని పార్టిషన్ ఎస్‌డీఏ1 అయితే ఎంచుకోవాల్సింది ఎస్‌డీఏనే. మీ కంప్యూటర్ ఏ డిస్కు నుంచి లేస్తుందో తెలియకపోతే అన్ని డిస్కులూ టిక్ పెట్టినా నష్టం లేదు, వాటిలో వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదీ లేకపోతే.

లేవలేదు. ఇప్పుడు?

మొదట రెండు నిమిషాలు ఆగండి. సిస్టమ్‌డీ ఏదైనా డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోతే అప్పుడు ముందుకు కదులుతుంది. ఆ లోపే పవర్ బటన్ పట్టుకు నొక్కేవారు లేని సమస్యను తెచ్చుకుంటారు. తెర మీద అక్షరాలేవైనా ఉంటే ఫోనుతో ఫొటో తీయండి. సాయం అడగాల్సి వస్తే ఆ ఫొటో ఉంటే చాలు, సగం ప్రశ్నలు తప్పుతాయి.

తర్వాత గ్రబ్ మెనూ తెప్పించండి. చాలా యంత్రాల్లో అది దాక్కుని ఉంటుంది. వెలిగించగానే పాత బయోస్ యంత్రాల్లో షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి, యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఎస్కేప్ తట్టాలి. ఎస్కేప్ ఒకసారి ఎక్కువ తడితే గ్రబ్ ప్రాంప్ట్‌లోకి జారిపోతారు. కంగారు వద్దు, అక్కడ నార్మల్ అని కొట్టి ఎంటర్ నొక్కితే మెనూకు తిరిగి వస్తారు. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అనే వరుసలోకి వెళ్లి, మీరు కాగితం మీద రాసుకున్న కెర్నెల్‌ను ఎంచుకోండి.

అది లేచిందంటే ఊపిరి పీల్చుకోవచ్చు. లోపం కొత్త కెర్నెల్‌లోనో, దాని మూటలోనో, డ్రైవర్‌లోనో ఉంది. పైన చెప్పిన తనిఖీలన్నీ ఇప్పుడు చేయండి. తర్వాత సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -యు -కె ఆల్, సుడో అప్‌డేట్-గ్రబ్ ఇస్తే చాలాసార్లు కొత్త కెర్నెలూ దారికొస్తుంది. ఫెడోరాలో అయితే ఆ కెర్నెల్-కోర్ ప్యాకేజీని డీఎన్ఎఫ్ రీఇన్‌స్టాల్‌తో మళ్లీ వేయించండి. విఫలమైన ప్రయత్నంలో ఏం జరిగిందో చూడాలంటే జర్నల్‌సీటీఎల్ -బి -1 -పి ఎర్ర్ అని అడగాలి. ఒక్క జాగ్రత్త: డిస్కు తెరుచుకోక ముందే ఆగిపోయిన బూట్ జర్నల్‌లో నమోదు కాదు, కాబట్టి మీకు కనిపించేది అంతకుముందు సవ్యంగా నడిచిన రోజుది కావచ్చు. పైన ఉన్న తేదీ చూసుకుని చదవండి. ఇది తెలియక ఒకసారి నేను పూటంతా తప్పు లాగ్ చదువుతూ కూర్చున్నాను.

పాత కెర్నెల్‌తోనూ లేవకపోతే ఎక్కడ ఆగిందో చూడాలి.

మెనూ వస్తోంది, తర్వాత నల్ల తెర. మెనూలో కెర్నెల్ వరుస మీద ఉండి ఇ అక్షరం నొక్కండి. లైనక్స్ అని మొదలయ్యే పొడవాటి పంక్తి వెతికి, అందులోని క్వైట్, స్ప్లాష్ అనే పదాలు తీసేసి, పంక్తి చివర నోమోడ్‌సెట్ అని చేర్చి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కండి. ఈ మార్పు ఆ ఒక్కసారికే, పాడయ్యేదేమీ లేదు. తెర వస్తే దోషం గ్రాఫిక్స్ డ్రైవర్‌దే. రాకపోయినా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి చూడండి. అక్షరాల లాగిన్ కనిపిస్తే లోపల కంప్యూటర్ నిక్షేపంగా నడుస్తోంది, బొమ్మ మాత్రం రావడం లేదు. అక్కడి నుంచే డ్రైవర్ తీసి మళ్లీ వేసుకోవచ్చు.

కెర్నెల్ ప్యానిక్, చివర్లో అన్‌నోన్-బ్లాక్ పక్కన బ్రాకెట్లలో 0,0. కెర్నెల్‌కు ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అందలేదన్నమాట. ఇందాక చెప్పిన నిండిన /బూట్ కథే ఇది. మూట సరిగ్గా ఉన్న మరో పాత కెర్నెల్‌తో లేపితే తీరుతుంది.

బ్రాకెట్లలో ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అని ప్రాంప్ట్. పైన ఉన్న పంక్తులు చదవండి. ఎఫ్ఎస్‌సీకేను (ఫైల్‌సిస్టమ్ లోపాలు సరిదిద్దే ఆదేశం) చేత్తో నడపమని ఉంటే, డీఎంఈఎస్‌జీ అనే ఆదేశం చూపే కెర్నెల్ సందేశాల్లో ఐ/ఓ ఎర్రర్లు (డిస్కు చదవలేకపోయిన లోపాలు) ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే డిస్కే చివరి రోజుల్లో ఉంది, రిపేరు పక్కనపెట్టి లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఫైళ్లు కాపీ చేసుకోండి. లేకపోతే, అది పేరు చెప్పిన పార్టిషన్ మీద ఎఫ్ఎస్‌సీకే నడిపి, ముగిశాక ఎగ్జిట్ కొట్టండి. యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) దొరకలేదని ఉంటే బీఎల్‌కేఐడీ అని అడగండి. డిస్కు ఆ జాబితాలో అసలు లేకపోతే మూటలో డ్రైవర్ లోపించింది. డిస్కు ఉండి, సంఖ్య వేరైతే గ్రబ్ పాత చిరునామా పట్టుకుని వెతుకుతోంది.

ఎమర్జెన్సీ మోడ్. నూటికి తొంభై మార్లు అని లెక్క చెప్పలేను గానీ, నేను మొదట తెరిచేది మాత్రం, ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలునే. ఎప్పుడో తీసేసిన బయటి డిస్కు వరుస అక్కడ మిగిలి ఉంటుంది. ఆ పంక్తి మొదట హ్యాష్ గుర్తు పెట్టి రీస్టార్ట్ చేయండి. బయటి డిస్కులకు నోఫెయిల్ అనే ఆప్షన్ చేర్చి పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. రూట్ (నిర్వాహకుడి) ఖాతాకు తాళం ఉందని చెప్పి లోపలికి రానివ్వకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి అదే ఫైలు దిద్దండి.

అన్నీ వదిలేసి నేరుగా విండోస్ లేస్తోంటే యూఈఎఫ్ఐ వరుసక్రమం మారింది, అంతకంటే ఏమీ కాదు. బయోస్ సెట్టింగుల్లో లైనక్స్‌ను మళ్లీ పైకి జరపండి.

గ్రబ్ రెస్క్యూ, భద్రతా ఉల్లంఘన

ఈ రెండూ చూడటానికి భయంకరంగా ఉంటాయి, అసలు సంగతి తెలిస్తే అంత భయం ఉండదు.

గ్రబ్ రెండు ముక్కలుగా ఉంటుంది. చిన్న ముక్క డిస్కు మొదట్లోనో ఈఎస్‌పీలోనో ఉంటుంది. పెద్ద ముక్క, అంటే మాడ్యూళ్లు, మెనూ ఫైలు, /బూట్/గ్రబ్‌లో ఉంటాయి. అప్‌డేట్ ఒక ముక్కను మార్చి రెండోదాన్ని మరిచిపోతే రెంటికీ చెడుతుంది. 2020 జులై 29న గ్రబ్‌లో బూట్‌హోల్ అనే భద్రతా లోపాన్ని వెల్లడించారు. దాన్ని పూడ్చే అప్‌డేట్ వచ్చాక గ్రబ్_కాలాక్ అనే సింబల్ దొరకలేదంటూ డెబియన్, ఉబుంటు యంత్రాలు కొన్ని రెస్క్యూ ప్రాంప్ట్ (మెనూ లేకుండా గ్రబ్ రెస్క్యూ అనే అక్షరాలే కనిపించే తెర) దగ్గర ఆగిపోయాయి. కారణం ఇదే: మాడ్యూళ్లు కొత్తవి, డిస్కు మొదట్లోని ముక్క పాతది. అదే వారం రెడ్‌హ్యాట్, సెంటాస్ యంత్రాలు షిమ్ లోపం వల్ల అసలు గ్రబ్ దాకా రాకుండానే నిలిచిపోయాయి.

2022 ఆగస్టులో ఆర్చ్, దాని మీద ఆధారపడిన డిస్ట్రిబ్యూషన్లలో కథ ఇంకా విచిత్రం. కొత్త గ్రబ్ ప్యాకేజీ తయారు చేసిన మెనూ ఫైలులో, ఫర్మ్‌వేర్ సెట్టింగులకు వెళ్లే సదుపాయం ఉందా అని అడిగే పంక్తి ఒకటి చేరింది. ఈఎస్‌పీలో మిగిలిపోయిన పాత ముక్కకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఉందా అని అడిగితే వెళ్లమన్నారనుకుంది. ఎన్నిసార్లు వెలిగించినా బయోస్ సెట్టింగుల తెరే వచ్చేది. గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ నడిపి రెండు ముక్కలనూ ఒకే వయసుకు తేవడమే మందు. ఆర్చ్‌లో ఆ పని ప్యాకేజీ తనంతట తాను చేయదు, మీరే చేయాలి.

భద్రతా విధానం ఉల్లంఘన జరిగిందని, ఎస్‌బ్యాట్ (లోపమున్న పాత బూట్ ప్రోగ్రాములను ఆపే ఏర్పాటు) తనిఖీ విఫలమైందని చెప్పి కంప్యూటర్ ఆగిపోతే అది షిమ్ పని. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్, పాత షిమ్, గ్రబ్‌లను నమ్మవద్దనే కొత్త జాబితాను ఫర్మ్‌వేర్‌లో రాసింది. రెండు సిస్టమ్‌లూ ఒకే యంత్రంలో ఉన్నవారిలో చాలామందికి మర్నాడు లైనక్స్ లేవలేదు. దారి ఇదీ: బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపండి, లైనక్స్‌ను లేపండి, సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బ్యాట్-పాలసీ డిలీట్ అని ఇచ్చి రీస్టార్ట్ చేసి మరోసారి లైనక్స్‌లోకి రండి. షిమ్, గ్రబ్‌లను అప్‌డేట్ చేసుకుని అప్పుడు సెక్యూర్ బూట్ తిరిగి పెట్టండి. ముందే ఒక సంగతి చూసుకోవాలి. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ అనే ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటే, సెక్యూర్ బూట్ ఆపగానే అది రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ చేతిలో లేకుండా బయోస్‌లో చేయి పెట్టకండి.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో లోపలికి

గ్రబ్ పాడైనా, ఏ కెర్నెలూ లేవకపోయినా చివరికి చేయాల్సింది ఇదే. ఒకసారి చేతికి అలవాటైతే ఇక ఏ అప్‌డేట్‌కూ భయపడరు. పెన్‌డ్రైవ్‌తో లేపేటప్పుడు మీ సిస్టమ్ యూఈఎఫ్ఐలో ఉంటే పెన్‌డ్రైవ్‌నూ యూఈఎఫ్ఐలోనే లేపండి. లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ తప్పుదారి పడుతుంది. ఎక్కించమని అడిగే తెర వస్తే ట్రై అనే బటన్ నొక్కి, టెర్మినల్ తెరవండి.

మొదట ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ ఇచ్చి పార్టిషన్లను గుర్తుపట్టండి. వీఫ్యాట్ అని ఉన్న చిన్నది ఈఎస్‌పీ, ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్ఎఫ్ఎస్ అని ఉన్న పెద్దది రూట్, అంటే సిస్టమ్ ఉన్న ప్రధాన పార్టిషన్. ఈ ఉదాహరణలో రూట్‌ను ఎస్‌డీఏ2, ఈఎస్‌పీని ఎస్‌డీఏ1 అనుకుందాం. సుడో -ఐ ఇచ్చాక:

మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ
మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ1 /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్ఐ
మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్

మూడో పంక్తిని ప్రాక్, సిస్, రన్ అనే మూడింటికీ అలాగే ఇవ్వండి. రన్‌ను వదిలేస్తే ఉబుంటులో లోపలికి వెళ్లాక ఇంటర్నెట్ పేర్లు దొరకవు, ప్యాకేజీలు దిగవు. /బూట్ విడి పార్టిషన్ అయితే ఈఎస్‌పీ కంటే ముందే దాన్ని మౌంట్ చేయాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. దాన్ని మరిచిపోయి కెర్నెల్‌ను మళ్లీ వేస్తే అది రూట్ డిస్కులోని ఖాళీ ఫోల్డర్‌లో పడుతుంది, మీరు గంటసేపు చేసిన పనంతా వృథా. బీటీఆర్ఎఫ్ఎస్ అయితే రూట్ మౌంట్ చేసేటప్పుడు సబ్‌వాల్ (దానిలోని విభాగం) పేరు చెప్పాలి. ఉబుంటులో అది @ గుర్తు, ఫెడోరాలో రూట్.

డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ముందు క్రిప్ట్‌సెటప్ ఓపెన్‌తో తెరవాలి. తెరిచేటప్పుడు ఏదో ఒక పేరు పెట్టేస్తే కుదరదు. మీ సిస్టమ్‌లోని /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో ఏ పేరుందో అదే పెట్టాలి. పేరు వేరైతే కొత్తగా కట్టే మూటలో ఆ డిస్కును తెరిచే ఏర్పాటు చేరకపోవచ్చు, రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే వస్తారు. ఎల్‌వీఎం (డిస్కు చోటును వాటాలుగా పంచే ఏర్పాటు) ఉంటే ఆపైన వీజీచేంజ్ -ఏవై కూడా.

ఇప్పుడు సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ ఇస్తే మీ సొంత సిస్టమ్ లోపల ఉంటారు. డెబియన్ కుటుంబంలో వరుసగా:

డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ
అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -సి -కె ఆల్
గ్రబ్-ఇన్‌స్టాల్
అప్‌డేట్-గ్రబ్

పాత బయోస్ యంత్రమైతే గ్రబ్-ఇన్‌స్టాల్ పక్కన డిస్కు పేరు, అంటే /డెవ్/ఎస్‌డీఏ అని ఇవ్వాలి. ఫెడోరా వాడేవారు యూఈఎఫ్ఐ యంత్రంలో గ్రబ్2-ఇన్‌స్టాల్ నడపకూడదు. అక్కడ సెక్యూర్ బూట్ సంతకాలున్న ఫైళ్లు ప్యాకేజీతోనే వస్తాయి కాబట్టి షిమ్, గ్రబ్2-ఈఎఫ్ఐ ప్యాకేజీలను డీఎన్ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ -ఎస్ లైనక్స్ (ఎస్ పెద్ద అక్షరం), ఆ తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్, గ్రబ్-ఎంకేకాన్ఫిగ్. ఓపెన్‌సూసే వారికి ఈ తతంగం తరచూ అవసరమే పడదు. గ్రబ్ మెనూలోనే పాత స్నాప్‌షాట్ ఎంచుకుని లేపి, సుడో స్నాపర్ రోల్‌బ్యాక్ అంటే చాలు.

ఎగ్జిట్ కొట్టి బయటికి వచ్చి రీస్టార్ట్ చేయండి, పెన్‌డ్రైవ్ తీయడం మరవకండి.

లేచాక

దోషం కొత్త కెర్నెల్‌దేనని తేలితే, సరిచేసిన కూర్పు వచ్చే దాకా దాన్ని ఆపి ఉంచవచ్చు. ఉబుంటులో సుడో ఆప్ట్-మార్క్ హోల్డ్ లైనక్స్-జెనరిక్ లైనక్స్-ఇమేజ్-జెనరిక్ లైనక్స్-హెడర్స్-జెనరిక్ అని ఇవ్వాలి. ఫెడోరాలో డీఎన్ఎఫ్ వెర్షన్‌లాక్ ఉంది. ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ కాన్ఫిగ్ ఫైలులో ఇగ్నోర్‌పీకేజీ వరుస ఉంది, కానీ ఆర్చ్‌లో కొన్నింటిని ఆపి మిగతావన్నీ అప్‌డేట్ చేయడం కొత్త చిక్కులకు దారి కాబట్టి ఎల్‌టీఎస్ కెర్నెల్‌కు మారడమే నయం. ఫోనులో తీసిన ఫొటో, జర్నల్ పంక్తులు, రెండు కెర్నెళ్ల సంఖ్యలు జతచేసి మీ డిస్ట్రిబ్యూషన్‌కు బగ్ నివేదిక పంపండి.

హోల్డ్‌లో ఉన్నంతకాలం కెర్నెల్‌కు భద్రతా సవరణలేవీ రావు. రెండు వారాల తర్వాతి తేదీకి ఫోనులో గుర్తు పెట్టుకుని, ఆ రోజు ఆప్ట్-మార్క్ షోహోల్డ్ అని అడిగి, జాబితాలో ఉన్నవాటిని అన్‌హోల్డ్ చేయండి. ఆ తర్వాత డీఎఫ్ -హెచ్ /బూట్ చూసి, అప్‌డేట్ మొదలుపెట్టండి.